వెండిరంగు పూసిన దీపం

మా ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రైల్వే క్వార్టర్ల వీధి మొదట్లో, రైళ్ల కోసం ఇనుప చెయ్యి ఎత్తి దించే పాతకాలపు సిగ్నల్ స్తంభం ఒకటి ఉంది. దాని పక్కన పట్టాలు ఎప్పుడో తీసేశారు. స్తంభాన్ని మాత్రం పాతరోజుల గుర్తుగా ఉంచారు. సిగ్నల్ విభాగంలో పనిచేస్తున్నానని దాని బాగోగులు నాకు అప్పగించారు.

రోజూ డ్యూటీ నుంచి వస్తూ సైకిల్ స్తంభానికి ఆనించి, ఇనుప నిచ్చెన ఎక్కి, పైనున్న ఇత్తడి దీపాన్ని దింపుతాను. గ్లాసు తుడిచి, కిరసనాయిలు పోసి, వత్తి కత్తిరించి, చీకటి పడకముందే వెలిగించి మళ్లీ పైన పెట్టాలి. వానాకాలంలో నిచ్చెన తుప్పు పడుతుంది. అద్దాల వెనక పురుగులు చేరతాయి. ఎప్పుడైనా దీపం ఆరిపోతే పక్కింటి దీదీ వెంటనే కబురు పంపుతుంది. ఈ పనంతా నా చేతి చలవేనని కాలనీలో అనుకుంటారు. అది నిజం కాదు.

మొదట్లో దీపం వెలిగించింది మా వీధిలోని మావయ్య. చుట్టరికం లేదు. మా నాన్నదీ ఆయనదీ శ్రీకాకుళం వైపు ఒకే ఊరు. ఉద్యోగమంతా సిగ్నల్ దీపాల పనే చేసి రిటైరయ్యారు. ఎక్కి దింపడం నా వంతు, వత్తి కత్తిరించి వెలిగించడం ఆయన వంతు.

ఒకసారి పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నారన్నారు. రైల్వేలో తనిఖీ అంటే రంగులు వేయడమే. రాయికి సున్నం, ఇనుముకు వెండిరంగు. కదలకుండా నిలబడితే మనిషికైనా పూసేస్తామని నవ్వుకుంటాం. ఆ ఊపులో నేను ఇత్తడి దీపానికి కూడా దట్టంగా వెండిరంగు పూశాను. తళతళలాడింది. తీరా ఆఫీసరు ముందు మావయ్య వెలిగిస్తే మంట రెపరెపలాడి గ్లాసంతా మసి కమ్మింది. ఆఫీసరు నావైపు చూశారు. ఆయనకు చూపు తగ్గింది సార్, వత్తి సరిగా కత్తిరించలేకపోతున్నారు అన్నాను. ఆ మాట నోటికి అంత తేలిగ్గా వచ్చేసింది. ఇకమీదట నువ్వే చూసుకో అని ఆఫీసరు వెళ్లిపోయారు. మావయ్య కత్తెర నా చేతిలో పెట్టి ఇంటికి నడిచారు.

మర్నాడు దీపం విప్పి చూస్తే, మంటకు గాలి అందే సన్నని చిల్లులన్నీ రంగుతో పూడుకుపోయి ఉన్నాయి. తీగతో పొడిచి తెరిచాను. మంట నిటారుగా నిలిచింది. నా పనితనాన్ని అందరూ మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. మావయ్య మాత్రం బజారుకు కూడా వెనక సందులోంచే వెళ్లసాగారు. చాలా రోజులకు అత్త మా ఆవిడతో చెప్పిందట: ఆయన పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, చూపు పోతోందేమోనని సూదిలోకి దారం ఎక్కించి చూసుకుంటున్నారని.

ఆ సాయంత్రమే దీపం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద ఇరుగుపొరుగు టీ తాగుతున్నారు. అందరి ముందే చెప్పాను.

"నీ కళ్లు బాగానే ఉన్నాయి మావయ్యా. గాలి చిల్లులు నానే రంగుతో మూసీసినాను."

ఆయన దీపాన్ని తిప్పి చూశారు. "ఇత్తడికి రంగేసినావేటి?"

"ఏసినాను."

"మీ నాన్నా అంతే బావూ. కనబడిందానికల్లా పూసీవోడు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఇన్నాళ్లూ గుడ్డోడినైపోతన్నాననుకున్నాను," అన్నారు కాసేపటికి. "ఆఫీసరుకి సెప్పినావా?"

లేదన్నాను.

"ముందు ఆయనకి సెప్పు. అప్పుడు దీపం అట్టుకురా."

ఆఫీసరు బదిలీ మీద వేరే ఊళ్లో ఉన్నారు. ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. ఆయన, పెద్దాయన్నే వెలిగించమను, నా మాటగా క్షమాపణ కూడా చెప్పు అన్నారు. రెండూ మావయ్యకు చెప్పాను. నన్ను మెచ్చుకున్నవాళ్ల కోసం ఇప్పుడిది రాస్తున్నాను.

ఇప్పుడు సాయంత్రాలు మావయ్య అరుగు మీదే వత్తి కత్తిరిస్తున్నారు. ఆయన పని అయ్యేదాకా నేను పక్కన కూర్చుని కొబ్బరిచిప్ప ముక్కతో దీపం మీది వెండిరంగు గీకుతుంటాను. ఒకవైపు ఇత్తడి బయటపడింది. రెండోవైపు గీకేటప్పుడు తొందరపడొద్దని, గీతలు పడతాయని ఆయన రోజూ కేకలేస్తున్నారు.