సమాధుల తోట జాబితా

ఆ శుక్రవారం డైరీలో నేను రాసుకున్నది ఒకటే మాట: "పోయాయి." యాభై ఏళ్లుగా రోజూ రెండు వాక్యాలకు తగ్గకుండా రాస్తున్నవాణ్ని. ఆ రోజు అంతకు మించి చెయ్యి ఆడలేదు.

రైల్వే ఉద్యోగంలో ఉండగా మా తెలుగు చర్చి సంఘం కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. సమాధుల తోటలో ఎవరిని ఏ వరసలో, ఎన్నో చోట పెట్టారో చెప్పే ప్రోగ్రాం అది. పాత విండోస్ మీద తప్ప నడవదు. ఈమధ్య చర్చి ఆఫీసులోని ముసలి కంప్యూటర్ చచ్చిపోయి, కొత్తదాంట్లో విండోస్ బదులు లినక్స్ వేశారు. నా ప్రోగ్రాంను దాని మీదికి మార్చే పని నా నెత్తిన వేసుకున్నాను.

మా కోడలిది వరంగల్. సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. ఆమే నా లాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి ఇచ్చింది. అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో రెండు కాపురం ఉన్నట్టు. ఒకదాంట్లో పాత విండోస్, నా పాత ప్రోగ్రాం. రెండోదాంట్లో లినక్స్, నేను తిరిగి రాస్తున్న ప్రోగ్రాం. ఒకే పేరు రెండింటినీ అడగాలి, రెండూ ఒకే జవాబు చెప్పాలి. ప్రయోగాల్లో పాతది చెడిపోకుండా మొదటి రోజే దాని స్థితిని స్నాప్‌షాట్‌గా దాచాను. ప్రతి ఉదయం ఆ స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లి, శుభ్రంగా పని మొదలుపెట్టేవాణ్ని. వెళ్లే ముందు, ఇప్పుడున్నది కూడా దాచమంటారా అని లాప్‌టాప్ అడుగుతుంది. దాచుకుంటూ పోతే డిస్కు నిండుతుందని ఆ గడిలో టిక్కు తీసేసేవాణ్ని. ఆరు వారాలు ఇదే వరస.

ఇంతలో సమాధుల తోట కమిటీ నోటీసు పెట్టింది. మొదటి నాలుగు వరసల్లో ఎవరెవరు ఉన్నారో నెలాఖరులోగా జాబితా ఇవ్వాలి. పేరు లేని చోటు చదును చేసి కొత్తవాళ్లకు ఇస్తారు. ఆ నాలుగు వరసలూ నా ప్రోగ్రాంలో లేవు. కాగితం రిజిస్టర్ ఉంది కదా, తీరికగా ఎక్కిద్దామని ఏళ్ల తరబడి వాయిదా వేశాను. ఒక తుఫానుకు చర్చిలోకి నీళ్లొచ్చి ఆ రిజిస్టర్ ముద్దయిపోయింది. కొయ్య సిలువలు ఎప్పుడో పుచ్చిపోయాయి.

మిగిలింది ఒక్క మనిషి. తోట కాపరి భార్య, ఇప్పుడు విధవ. వాట్‌గంజ్‌లో, ఓడల డాక్‌లో పనిచేసే కూలీల ఇళ్ల మధ్య ఒక గదిలో ఉంటుంది. నాకంటే పదేళ్లు పెద్దది, వాళ్ల వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. భార్యాభర్తలిద్దరూ నలభై ఏళ్లు, ప్రతి ఈస్టరు ముందూ, సమాధులకు సున్నం వేశారు. ఆ వేసే వరసలోనే ఆమెకు పేర్లన్నీ వచ్చు. మధ్యలోంచి అడిగితే చెప్పలేదు. గేటు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మా సంత్రాగాఛిలో బస్సెక్కి, నది మీద వంతెన దాటి, నాలుగు రోజులు లాప్‌టాప్ మోసుకుని వెళ్లాను. ఆ నాలుగు రోజులూ పరీక్షలు ఆపేశాను. ఆమె కళ్లు మూసుకుని చెప్పేది. నేను పాత ప్రోగ్రాంలోకే ఎక్కించేవాణ్ని, మార్చేటప్పుడు అన్నీ కలిసే వస్తాయని.

"ఈడు డాక్‌లో పడి పోనాడు. ఈ పక్కది ఆడి చెల్లి, ఆర్నెల్ల గుంట. రాసినావా?"

"రాశానప్పా."

"తప్పు రాసీసినావంటే ఆలొచ్చి నిన్నే పీక్కుతింతారు."

గురువారం సాయంత్రానికి నాలుగు వరసలూ అయ్యాయి. శుక్రవారం ఉదయం స్నానం చేసి, టీ తాగి, లాప్‌టాప్ తెరిచి, స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లాను. టిక్కు తీసేశాను. చెయ్యి తన అలవాటు ప్రకారం తాను చేసుకుపోయింది. పాత ప్రోగ్రాం తెరుచుకున్నాక జాబితా ఐదో వరస నుంచి మొదలైంది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఏమైంది మామయ్యా, గట్ల కూసున్నరు?"

చెప్పాను. ఆమె చెప్పులు కూడా విప్పకుండా లాప్‌టాప్ ముందు కూర్చుంది. చాలాసేపు వెతికి, మెల్లగా మూత వేసింది.

"వెనక్కి పోతే, తర్వాత చేసిందంతా పోతది మామయ్యా. ఎక్కడన్న కాగితం మీద రాసిన్రా? మీ డైరీల?"

డైరీ తెచ్చి చూపించాను. సోమవారం: "మొదటి వరస పూర్తి. తృప్తిగా ఉంది." మంగళవారం: "రెండో వరస పూర్తి. బస్సులో రద్దీ." బస్సులో రద్దీ రాసుకున్నాను. ఒక్క మనిషి పేరు రాసుకోలేదు.

వెంటనే వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. ఎలాగైనా దొరుకుతాయేమోనని వారం రోజులు డిస్కు గాలిస్తూ కూర్చున్నాను. ఆ వారంలోనే ఆమెకు జ్వరం పట్టుకుంది. నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని ఉంది, మనిషి సగమైంది. నిలబడే చెప్పేశాను.

"ఏటి? ఆలందర్నీ మల్లీ సంపేసినావేటి?" అంది. నవ్వబోయి దగ్గింది. "కూకో. రాయి. ఈపాలి పెట్టెలో ఒద్దు, పుస్తకంలో రాయి."

మొదటి వరస వచ్చింది. రెండోది ఆగి ఆగి వచ్చింది. మూడోది ఆరో పేరు దాకా వచ్చి నిలిచిపోయింది. నెలాఖరుకు రెండు రోజులే ఉన్నాయి. మర్నాడు, ముందు నాలుగో వరస చెబుతానని మూడోది దాటబోయింది, కానీ మూడోది లేకుండా నాలుగోదానికి పోలేకపోయింది. మళ్లీ గేటు దగ్గర నుంచి మొదలుపెట్టింది. మళ్లీ మూడో వరసలో ఆరో పేరు దగ్గరే ఆగింది. నాలుగుసార్లు అలా నడిచింది.

"రాదు తమ్ముడూ. నీకు సెప్పీసినాను కదా, నువ్వు సూసుకుంతావని దించీసినాను. ఇప్పుడు ఎత్తుకుందామంటే ఆ బరువే కానరాట్లేదు."

పుస్తకం మూసి, మళ్లీ తెరిచాను.

ఉన్నంతవరకూ జాబితా ఇచ్చాను. ఇంకొంచెం గడువు ఇమ్మని కమిటీ పెద్దమనిషి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "దాదా, అందరికీ ఒకటే గడువు" అన్నాడాయన బెంగాలీలో, కోపం లేకుండానే. వర్షాలు పడకముందే మట్టి చదును చేశారు.

ప్రోగ్రాం పని పూర్తయింది. రెండు మెషీన్లూ ఒకే జవాబు చెబుతున్నాయి. చర్చి కంప్యూటర్లో నడుస్తోంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన తర్వాత అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. తల ఎత్తలేకపోయాను.

పోయిన వారం వాట్‌గంజ్ వెళ్లినప్పుడు అప్ప జాబితా చదవమంది. గేటు దగ్గర నుంచి చదివాను. ఒక్కో పేరుకూ తల ఊపింది. మూడో వరసలో ఆరో పేరు చదివి ఆగాను. ఆ కింద పేజీ ఖాళీ.

ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"ఆపీసినావేటి తమ్ముడూ? తరవాతోల్లని సదువు."