బావగారి ఐదు స్టార్లు
ఏ వస్తువు కంటబడినా సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు అటూ ఇటూ తిప్పి, ఎవరూ అడక్కపోయినా గొంతు సవరించుకుని తీర్పు చెప్పకపోతే బావకి అన్నం అరగదు. ఆవేళ, ఇంట్లోనే టైపింగ్ పని చేసుకునే మరదలి కోసం తనే ఏరికోరి తెప్పించిన చవక మౌస్ వంతు వచ్చింది. తీగ తగిలించి, గదిలో లైటార్పి, మౌస్‌లోంచి ఏడు రంగుల వెలుగులూ గోడమీద పాకుతుంటే నోరు వెళ్లబెట్టాడు.

“క్లిక్ సరిగ్గా పడుతోందా బావా? పొద్దుట్నుంచి నా పనాగిపోయింది” అంది మరదలు.

“నేను చూశాక ఇంకేముంది? కళ్లు మూసుకుని వాడుకో!” అంటూ ఫోన్లో దానికి ఐదు స్టార్లూ ఇచ్చి, ‘క్లిక్ వెన్నపూసే’ అని రాసిపారేశాడు.

ఆమె లైటు వేసి తీగ వెంట చూసింది. అది కంప్యూటర్ గడప తొక్కనేలేదు. గోడకున్న ఫోన్ చార్జర్‌కి వేలాడుతోంది.