ఓబులేసు తెర మీది ఫోటో

జమ్మలమడుగు దగ్గర పల్లెలో గొర్లు కాసుకునే ఓబులేసు, కూతురు చదువుకునే చిన్న కంప్యూటర్‌ను పోయిన వారం ప్రొద్దుటూరులో నా రిపేరు షాపులో ఇచ్చిపోయాడు. చేతిలో పట్టేంత చవక సరుకు, ఎన్నికలప్పుడు పార్టీవాళ్లు పంచింది. ఆన్ చేస్తే నాయకుడి ఫోటో వచ్చి అక్కడే ఆగిపోతోంది. ఉన్నదంతా తుడిచేసి, ఉచితంగా దొరికే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాను. బ్రహ్మాండంగా పనిచేసింది.

ఈ రోజు మధ్యాహ్నం వచ్చి తెర చూశాడు. ముఖంలో కళ పోయింది.

"ఫోటో యాడికి పోయిందప్పా?"

"పాతదాంతోనే పోయింది మామా. ఇంక నీకు నచ్చిన బొమ్మ పెట్టుకో."

"పాప అరుగు మీద కూచోని చదువుకుంటాది. దావన పొయ్యేవాళ్లు చూసి, మేం పార్టీ మారినామనుకుంటారు."

"ఇప్పుడు తెర మీదుండేది ఉత్త బూడిద రంగు మామా. ఏ పార్టీదీ కాదు."

"అదేనప్పా నా భయం. యా పక్కా లేనోన్ని రెండు పక్కలోళ్లూ అనుమానిస్తారు."

ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోవచ్చని ఈ సిస్టం గురించి కనిపించినవాళ్లందరికీ చెబుతుంటాను. ఈ రోజు అందులో నా చేత్తో ఆ నాయకుడి ఫోటోనే వెతికి పెట్టాను.

ఓబులేసు నాలుగడుగులు వెనక్కి పోయి చూశాడు.

"ఇంకొంచెం పెద్దగా పెట్టప్పా. దావలోకి కనపడాల."

పెట్టాను. మీ ఊర్లో తెర ఖాళీగా పెట్టుకుని బతకనిస్తారా? అయితే చెప్పండి, షాపు అక్కడికి మార్చేస్తాను.