బావగారు పెట్టిన టైమింగ్

మా ఆయన కువైట్‌లో ఒక గ్యారేజీలో పనిచేస్తారు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు రాజోలులో ఒక పాత పెట్రోలు కారు కొని, నాకు నడపడం నేర్పి, తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళారు. అత్తగారిని మోకాళ్ళ వైద్యానికి అమలాపురం తీసుకెళ్ళడం, పిల్లల్ని బడి దగ్గర దింపడం, అంతా ఆ కారులోనే.

అది నచ్చనిది మా బావగారికి. మా ఆయనకి అన్నగారు, పక్క వాటాలోనే ఉంటారు. వయసులో ఉండగా కొన్నాళ్ళు లారీ తోలారు. అప్పటినుంచి ఊళ్ళో ఏ ఇంజను ఆగినా ఆయన చెవి పెట్టి వినాల్సిందే.

ఒకరోజు, వంతెన ఎక్కేటప్పుడు ఇంజనులో సన్నగా టకటకమని వినిపిస్తోందని ఆయన ముందు అన్నాను. వెంటనే బానెట్ ఎత్తించారు. లోపల పెట్రోలు ఆవిరికి నిప్పు తగిలే క్షణాన్ని సరిచెయ్యడమే టైమింగ్ పెట్టడం. ఆ క్షణం ముందుకి జరిగితే చప్పుడు వస్తుంది, వెనక్కి జరిగితే బలం పోతుంది. డిస్ట్రిబ్యూటర్ అనే గుండ్రటి డబ్బాని కాస్త తిప్పితే అది మారుతుంది. బావగారు బోల్టు వదులు చేసి, డబ్బా తిప్పి, చెవితో విని, "ఇదీ లెక్క" అంటూ స్క్రూడ్రైవరుతో దానిమీద గీత గీశారు. నిప్పు వస్తోందో లేదో చూడాలని ప్లగ్గుల వైర్లని టోపీ దగ్గర కాకుండా మధ్యలో పట్టుకుని గుంజారు.

చప్పుడు పోయింది. దాంతోపాటు బలమూ పోయింది. ఆ వారమే మా పుట్టిల్లున్న నగరం అనే ఊళ్ళో మా చెల్లెలి నిశ్చితార్థం. నేను తోలుతుంటే దారిపొడుగునా కారు దగ్గుతూ, కుదుపుతూ వెళ్ళి, సరిగ్గా మా పుట్టింటి పందిరి ముందు ఆగిపోయింది. భోజనాల దగ్గర బావగారు మా నాన్నతో అందరికీ వినపడేలా అన్నారు.

"మీ అమ్మాయి చేతిలో పడ్డాక ఆ ఇంజను పనైపోయిందండీ. ఆడవాళ్ళకి బండేంటండీ, గరిట ఇవ్వాలి గాని."

విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు నవ్వారు. చెల్లెలికి కాబోయే అత్తవారు కూడా నవ్వారు. కూర గిన్నె పట్టుకుని నిలబడ్డ మా నాన్న తల వంచుకుని, "ఆయ్, నిజమేనండి బాబుగారూ" అన్నారు. ఎవరి ముందూ తల వంచని మనిషి. పిల్లనిచ్చినవాడు కాబట్టి వంచారు.

బావగారి మాట నేను మరిచిపోయేదాన్నేమో. మా నాన్న చేత అనిపించిన ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

బాగుచేస్తానని తాళాలు బావగారే పట్టుకుపోయారు. నాలుగు రోజులు తిప్పి, కుదరక, "నువ్వు పాడుచేసిన బండి నువ్వే ఉంచుకో" అని తెచ్చి మా కొబ్బరి పీచు షెడ్డులో పడేశారు. వానాకాలమంతా అది అక్కడే ఉంది. అత్తగారిని ఆటోలో తీసుకెళ్తూ, మోకాళ్ళు పట్టుకుని ఆవిడ మూలిగినప్పుడల్లా నేను పళ్ళు బిగపట్టేదాన్ని.

వానలు తగ్గాక మా ఆయన వీడియోకాల్‌లో చెబుతుంటే నేనే బానెట్ ఎత్తాను. ఇంజను నడుస్తుండగా మూడు ప్లగ్గుల మీంచి వైర్ల టోపీలు ఒక్కొక్కటే రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో తీసి చూడమన్నారు. మొదటిది తీస్తే ఇంజను నీరసపడింది. మూడోది తీసినా అంతే. మధ్యది తీస్తే పెద్ద మార్పేమీ లేదు. అంటే ఆ సిలిండరు సరిగ్గా పనిచెయ్యడం లేదు.

"ఆ వైరు పక్కదానికి మార్చి పెట్టి చూడు" అన్నారు.

మార్చాను. జబ్బు వైరుతోపాటే పక్క సిలిండరుకి వెళ్ళింది. బావగారు గుంజినప్పుడు లోపల తీగ తెగి ఉంటుంది. ఇంజను మీద బరువు పడితే నిప్పు అందడం పూర్తిగా మానేస్తోంది. కొత్త వైరు తెప్పించాను. తర్వాత, మా ఆయన తెచ్చి ఉంచిన టైమింగ్ లైటు తగిలించి, అది మిణుకుమిణుకుమంటుంటే తిరిగే చక్రం మీది గుర్తు తన స్థానంలోకి వచ్చేదాకా డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. బావగారి గీతకి చాలా దూరంలో కుదిరింది. అక్కడ నా గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టాను. ఇంజను మెత్తగా పాడింది.

"అన్నయ్యతో ఏమీ అనకు" అన్నారు మా ఆయన.

అనలేదు. కాని బావగారే అన్నారు. నేను కారు నడపడం చూసి, వీధిలో అరుగు మీద కూర్చున్నవాళ్ళతో, "నేను పెట్టిన టైమింగ్ ఇప్పటికి సర్దుకుంది. ఇంజను అన్నాక టైము పడుతుంది" అన్నారు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. ఆయన టైమింగ్ ఆయనకే ఇస్తాను.

అవకాశం తొందరగానే వచ్చింది. వాళ్ళబ్బాయికి రాయవరంలో సంబంధం. మాట్లాడడానికి బావగారు, ఆయన భార్య అక్కగారు, నాకు బాబాయి వరసయ్యే మా అత్తగారి తమ్ముడు వెళ్ళాలి. ఆడవాళ్ళిద్దరు ఉంటే బాగుంటుందని నన్ను కూడా రమ్మన్నారు. కారు బావగారే తోలుతారట. ముందురోజు సాయంత్రం పిల్లలు ఆడుకుంటుండగా షెడ్డులోకి వెళ్ళి, కొత్త వైరు తీసి పాతది పెట్టాను. బోల్టు వదులు చేసి డబ్బాని ఆయన గీత దగ్గరికి తిప్పాను. బ్రేకులు మాత్రం రెండుసార్లు చూసుకున్నాను. కొత్త వైరు, పానా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

ఇంటి దగ్గర బాగానే స్టార్టయింది. అమలాపురం దాటేదాకా బావగారు బాబాయిగారికి టైమింగ్ గురించి చెబుతూనే ఉన్నారు. "మెకానిక్కులకేం తెలుసు మావయ్యా. ఇది నేను చెవితో పెట్టిందే." వెనకసీటులో నేను కిటికీలోంచి చూస్తూ ప్రతి కుదుపూ వింటున్నాను. కొత్తపేట దాటాక దగ్గు మొదలైంది. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి వెనక లారీలు హారన్లు మోగిస్తున్నాయి. వేడి చూపించే ముల్లు పైకి పాకుతోంది. ఎలాగో వంతెన దిగి జొన్నాడలో ఒక టీకొట్టు పక్కన ఆగిపోయింది.

బావగారు బానెట్ ఎత్తి నిలబడ్డారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వీపుకి అంటుకుపోయింది. రాయవరం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నేను టీ తెప్పించుకుని, ఇంజను చల్లారేదాకా నెమ్మదిగా, పూర్తిగా తాగాను. అప్పుడు లేచాను.

"నేను చూస్తానండి బావగారూ."

"నువ్వేం చూస్తావమ్మా?"

"మీరు పెట్టిన టైమింగే చూస్తానండి."

బాబాయిగారు కూడా వచ్చి వంగారు. వేలితో గీత చూపించాను. "బాబాయిగారూ, ఈ డబ్బా ఉండాల్సింది ఆ ఎర్రచుక్క దగ్గరండి. ఉన్నది ఈ గీత దగ్గర. ఇది గీసిందెవరో బావగారినే అడగండి."

బాబాయిగారు ఆయనకేసి తిరిగారు. "ఇందాకటినుంచీ నేనే పెట్టేనన్నావు. ఇదేనా నువ్వు పెట్టింది?"

బావగారు వంగి వైర్లు తడమడం మొదలెట్టారు, చేతులకి మసైంది. కాదనడానికి లేదు, దారంతా ఆయనే చెప్పుకున్నారు. టీకొట్టు దగ్గరి మనుషులు చుట్టూ చేరారు. వాళ్ళందరి ముందూ నేను వైరు మార్చి, డబ్బా తిప్పి, బోల్టు బిగించాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"తాళాలు దాని దగ్గరే ఉండనీ, వెనక్కి కూర్చో" అన్నారు బాబాయిగారు.

రాయవరంలో ఆడపెళ్ళివారు వాకిట్లోనే ఎదురుచూస్తున్నారు. స్టీరింగు ముందునుంచి నేను దిగడం, వెనకనుంచి మసి చేతులతో బావగారు దిగడం అందరూ చూశారు. సంబంధం కుదిరింది. అదేమీ చెడగొట్టాలని నేను అనుకోలేదు.

మా ఆయన విని, "వైరు మార్చేసేం కదా, మళ్ళీ పాతదెలా వచ్చింది?" అన్నారు. నేను అత్తగారి మోకాళ్ళ సంగతి ఎత్తాను. ఆయన రెట్టించలేదు.

బాబాయిగారి ద్వారా నగరానికీ కబురు వెళ్ళింది. మా నాన్న ఫోను చేసి, "నలుగురిలో అలా చెయ్యకూడదమ్మా, పెద్దాయన" అన్నారు.

"మనకీ నలుగురిలోనే జరిగింది కదా నాన్నా" అన్నాను.

ఆయన, "కారు ఇప్పుడు బాగా లాగుతోందా?" అని అడిగారు.

బావగారు ఇప్పుడు నాతో నేరుగా మాట్లాడరు. మొన్న ఆయన మోటారుసైకిలు ఆగిపోయింది. మా గుమ్మం దాటి, ఎండలో, పక్కూరి మెకానిక్కు దగ్గరికి నెట్టుకుంటూ వెళ్ళారు. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఒక్కమాట అడిగితే చూసేదాన్నేమో. ఆయన అడగలేదు, నేనూ పిలవలేదు. మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను.