సాగింగ్ అంటే పాట కాదు

నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మూడు భాషలు వచ్చని గట్టి నమ్మకం ఉండేది. తెలుగు ఇంట్లో వచ్చింది, ఇంగ్లీషు మిషన్ స్కూల్లో బెత్తం దెబ్బలతో వచ్చింది, హిందీ సినిమా హాల్లో వచ్చింది (ముందు వరస టిక్కెట్టుకి ఎంత వస్తుందో అంతే). ఈ మూడూ నోట్లో ఉంటే విశాఖపట్నంలో ఎవరితోనైనా నెగ్గుకు రావచ్చని ధీమాగా తిరిగేదాన్ని. డెబ్బైల చివర్లో ఒక వేసవిలో ఆ ధీమా కాస్తా పోయింది. పోగొట్టినవాడు ఒక ఓడ వంటవాడు.

మా ఆసుపత్రి వన్ టౌన్‌లో, హార్బరుకి కూతవేటు దూరంలో ఉండేది. ఓడల్లో ఎవరికి ఏ జబ్బు చేసినా ఓడ కంపెనీ ఏజెంటు జీపులో తెచ్చి మాకు అప్పజెప్పేవాడు. వచ్చేవాళ్ళు చాలావరకు కాలో చెయ్యో విరగ్గొట్టుకుని వచ్చేవాళ్ళు కాబట్టి సైగలతోనే పని జరిగిపోయేది. ఇతను మాత్రం అపెండిక్స్‌తో వచ్చాడు. ఫిలిప్పీన్సు మనిషి, నలభై దాటి ఉంటాయి, గుండ్రటి ముఖం, పొట్టి ఆకారం, అచ్చం మా చిన్న మావయ్యలా ఉండేవాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. చిక్కంతా తర్వాతే మొదలైంది. మనిషి ఏమీ తినడు. గంజి ఇస్తే తల తిప్పేస్తాడు, సగ్గుబియ్యం జావ చూస్తే కళ్ళు మూసుకుంటాడు, ఇడ్లీని వేలితో నొక్కి చూసి మర్యాదగా పళ్ళెం పక్కకి జరుపుతాడు. వచ్చిన ఆ కాస్త ఇంగ్లీషూ జ్వరంలో ఎక్కడో జారవిడుచుకున్నట్టున్నాడు. పొద్దస్తమానం కిటికీ వైపు తిరిగి పడుకుని, హార్బర్లో ఓడ కూత వినబడితే చాలు, ఉలిక్కిపడి తల ఎత్తేవాడు.

ఎందుకో ఏజెంటు వచ్చి చెప్పాక తెలిసింది. ఓడలోకి ఇనుప ఖనిజం ఎత్తడం పూర్తవగానే అది బయల్దేరిపోతుంది. ఈలోగా ఇతను ఓడ నిచ్చెన తనంతట తాను ఎక్కగలిగితే సరే, లేకపోతే ఇక్కడే దింపేసి వెళ్ళిపోతారు. మళ్ళీ ఏ ఓడలో, ఎప్పుడు పంపుతారంటే ఏజెంటు భుజాలు ఎగరేశాడు. ఊరు కాని ఊళ్ళో, మాట తెలియని చోట, కుట్లు పడ్డ కడుపుతో ఒంటరిగా మిగిలిపోతానేమోనన్న బెంగతో అతనికి తిండి దిగడం లేదు. తినకపోతే లేవలేడు, లేవలేకపోతే మిగిలిపోతాడు.

మా వార్డుని ఏలే పెద్దసిస్టరు నన్ను పిలిచింది (ఆవిడ చెప్పుల చప్పుడు వింటేనే సగం మందికి జ్వరం దిగిపోతుందని మేం చాటుగా చెప్పుకునేవాళ్ళం). ఇంగ్లీషు బాగా వచ్చని చేరిన రోజునుంచీ నేను అందరికీ చెప్పుకుంటున్నది ఆవిడ చెవిన పడినట్టుంది. ఆ ఇంగ్లీషేదో ఇప్పుడు వాడి అతనిచేత తినిపించమని, ఆ పూచీ నాదేనని చెప్పి వెళ్ళిపోయింది.

నేను మంచం పక్కన స్టూలు వేసుక్కూర్చుని, మీకేం కావాలని వీలైనంత మెల్లగా, వీలైనంత గట్టిగా ఇంగ్లీషులో అడిగాను. అతను నీరసంగా ఒకే ఒక్క మాట అన్నాడు. "సాగింగ్."

నాకు సింగింగ్ అని వినబడింది. యాస అనుకున్నాను. పాపం, ఇంటి మీద బెంగ, మెడలో మరియమ్మ బిళ్ళ, కష్టంలో ఉన్నవాడికి పాట వినాలనిపించడంలో వింతేముంది? పైగా నేను మా చర్చి కోయిర్లో పాడేదాన్ని (వెనక వరసలో, గొంతు విడిగా వినబడని చోట). దేవుడే నన్ను ఈ మంచం దగ్గర కూర్చోబెట్టాడనుకుని, చేతులు కట్టుకుని పాట అందుకున్నాను. మొదటినుంచి చివరిదాకా చూడకుండా వచ్చిన కీర్తన నాకు ఒక్కటే ఉండేది. దాన్ని మా చర్చిలో శవపెట్టె ఎత్తి సమాధుల దొడ్డికి బయల్దేరేముందు పాడేవాళ్ళు.

అతని కళ్ళు పెద్దవయ్యాయి. నావైపు చూశాడు, తలమీద వేలాడుతున్న సెలైను సీసా వైపు చూశాడు, మెల్లగా శిలువ గుర్తు వేసుకుని మెడలోని బిళ్ళని ముద్దు పెట్టుకున్నాడు. కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా కారాయి. నా పాట అతన్ని అంతగా కదిలించిందని పొంగిపోయి, రెండో చరణం మరింత రాగం తీసి పాడాను. ఎదుటి మంచం మీది పెద్దాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతలో చెప్పుల చప్పుడు వినబడింది.

పెద్దసిస్టరు గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "ఎవరు పోయారు?"

సరిగ్గా అప్పుడే పక్క మంచం దగ్గర ఒక ముసలమ్మ తన మొగుడికని అరటిపండు ఒలవడం మొదలుపెట్టింది. మన వంటవాడు పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టు మోచేతి మీద లేచి, వేలు చాచి, "సాగింగ్! సాగింగ్!" అన్నాడు. ముసలమ్మ ఒకసారి మొగుడి వైపు, ఒకసారి ఇతని వైపు చూసి, పండు ఇతని చేతిలో పెట్టేసింది. అతను దాన్ని రెండు ముక్కల్లో మింగేశాడు. పెద్దసిస్టరు నన్ను ఎగాదిగా చూసి వెనక్కి తిరిగింది. తిట్టినా బాగుండేది.

ఆ రోజునుంచి అతను వంటవాడి బుద్ధితో ఒక్కొక్క పండూ తలచుకోవడం, నేను దాన్ని కనిపెట్టడం మా పనైపోయింది. తన భాష పేరు తగలోగ్ అని గుండె మీద తట్టుకుని చెప్పాడు. మర్నాడు తెల్లారేసరికి "మాంగ్గా" అంటున్నాడు. నాకు అర్థమయ్యేలోపే మా వార్డు ఆయా నడుముకి చెయ్యి పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆవిణ్ణి అందరూ మంగ అంటారు.

"సిస్టరమ్మా, ఇతగాడి వరసేటి బాగోలేదు. నాను గుమ్మంలోకి అడుగెడితే సాలు, మంగా మంగా అంతన్నాడు. సేతులు ఊపుతన్నాడు. మా ఇంటాయనకి తెలిస్తే ఊరుకోడు."

అతనికి కావాల్సింది మామిడిపండని తేల్చడానికి నాకు ఆ పూటంతా పట్టింది. సంగతి తెలిశాక ఆవిడకి కాస్త చిన్నతనంగా కూడా అనిపించినట్టుంది. అయినా మధ్యాహ్నం తనే కొంగులో రెండు సువర్ణరేఖలు కట్టుకొచ్చి అతని ఒళ్ళో పడేసి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

తర్వాతది "పక్వాన్". దీనికి చేతులతో పెద్ద గుండ్రం చూపించాడు. గుమ్మడికాయో, కుండో, భూగోళమో తెలియలేదు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ, మా వీధి మొదట్లో పళ్ళకొట్టు పెట్టుకున్న భాయ్‌ని అడిగాను. భాయ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పక్వాన్ అంటే ఉర్దూలో పసందైన వంటకమని, పాపం పరదేశి ఆసుపత్రి గంజి తాగలేక మంచి భోజనం అడుగుతున్నాడని, అది తన ఇంట్లోనే చేయిస్తానని, ఆ పుణ్యం తనకే వదిలెయ్యమని చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ వచ్చింది. మూత తీయగానే వేటమాంసం పులావు వాసన వార్డు దాటి, వరండా దాటి, పెద్దసిస్టరు గది దాకా వెళ్ళింది. అతను పళ్ళెం వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. అది పక్వాన్ కాదని చెప్పే ఉద్దేశం అతనికి బొత్తిగా లేదు. కానీ పెద్దసిస్టరు క్యారేజీ మూత పెట్టి తీసుకుపోయింది (తర్వాత అది ఏమైందో మేమెవరం అడగలేదు). అతను నిట్టూర్చి, పక్కనున్న గిన్నెలోకి తుపుక్కు తుపుక్కుమని గింజలు ఊసినట్టు నటించాడు. అప్పుడు తెలిసింది, పుచ్చకాయ అని.

అతన్ని నడిపించే కిటుకు కనిపెట్టింది మాత్రం పెద్దసిస్టరే. మంచం మీద పండు ఇవ్వడం మాన్పించి, కోసిన ముక్కలు వరండా చివర బల్ల మీద పెట్టించింది. కావాలంటే నడిచి రావాలి. మొదటిసారి అతను కడుపు పట్టుకుని, గోడ పట్టుకుని, నన్ను పట్టుకుని, ముక్కుతూ మూలుగుతూ వెళ్ళాడు. జామకాయకి (బయాబాస్) గోడ వదిలాడు. అనాసకి (పిన్యా) నన్ను వదిలాడు. ఆ తర్వాత బల్ల మేడమెట్ల కిందికి దిగింది, పనసపండు కోసం. అది వాళ్ళ భాషలో లాంగ్కా. కుట్ల మనిషికి పనస అరగదని పెద్దసిస్టరు ఒక్కటంటే ఒక్క తొనకి ఒప్పుకుంది. అతను మెట్లన్నీ దిగి, తొన తిని, గింజ కూడా జేబులో వేసుకుని, మళ్ళీ మెట్లన్నీ ఎక్కాడు. పైన పెద్దసిస్టరు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అతను చివరి మెట్టు మీదికి వచ్చాక, ఆవిడ అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకోవడం నేను చూశాను.

ఏజెంటు జీపు వచ్చిన పొద్దున, దారిలో ఏమైనా అయితే చూసుకోమని పెద్దసిస్టరు నన్ను తోడు పంపించింది. జెట్టీ మీద దిగేసరికి ఓడ నల్లటి గోడలా నిలబడి ఉంది. పైనుంచి అతని స్నేహితులు ఏదేదో అరుస్తున్నారు. అతను నావైపు తిరిగి నిలబడ్డాడు. క్షేమంగా వెళ్ళు, మెట్లు జాగ్రత్త, ఇంటికి చేరాక మీవాళ్ళకి మా మాట చెప్పు అని అందామని నోరు తెరిచాను. అతని భాషలో నా దగ్గరున్నవి పళ్ళు మాత్రమే. అతనికీ అదే ఇబ్బంది వచ్చినట్టుంది. ఏం చెయ్యాలో తోచక నేను ఓడ వెనకాల నీళ్ళ వైపు చెయ్యి చూపించి, ఏమంటారన్నట్టు కనుబొమలు ఎగరేశాను.

"దాగత్," అన్నాడు.

"సముద్రం," అన్నాను.

"సముదరం," అని మెల్లగా పలికి, కడుపు మీద చెయ్యి వేసుకుని, ఎవరి సాయం లేకుండా నిచ్చెన ఎక్కాడు. మధ్యలో ఒక్కసారి ఆగినప్పుడు నా ఊపిరి కూడా ఆగింది. ఆగింది నాకు చెయ్యి ఊపడానికట.

తగలోగ్‌లో నాకు వచ్చిన మాటల్లో తినడానికి వీలుకానిది ఆ దాగత్ ఒక్కటే. ఈమధ్య సాయంత్రాలు మోకాళ్ళ కోసం బీచి రోడ్డు మీద నడుస్తుంటే, ఎప్పుడైనా ఆ మాట దానంతటదే నోటికి వస్తుంది. నాతో నడిచే పక్కింటావిడ "ఏటన్నారు?" అని అడుగుతుంది. ఏమీ లేదంటాను. తెల్ల యూనిఫారంలో, జెట్టీ ఎండలో, ఓడ కనుమరుగయ్యేదాకా కదలకుండా నిలబడిపోయి, ఏజెంటుచేత చీవాట్లు తిన్న ఆ పిల్ల గురించి ఆవిడకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?