ఖురియాత్ ఒడ్డున మోకు పట్టిన రోజు

మా నాన్న రైలు పట్టాల గ్యాంగులో కూలీ. ఆయనతో కలిసి పట్టాలు మోసిన దావీదు గారు ఇప్పుడు ఒమన్‌లో సరుకు ఓడల యజమాని. ఆయన ఓడలు తెచ్చిన పట్టాలను ఆయన కంపెనీయే ఎడారిలో పరుస్తోంది. గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో తాను వంటవాడిగా చేరిన చెక్క ఓడను కొని, బాగుచేయించి, మళ్ళీ నీళ్ళలోకి దింపుతున్నానని ఆయన మా నాన్నకు ఫోన్ చేశారు. "నువ్వక్కడే ఉన్నావు గదమ్మా, నా బదులు ఎల్లి చూసిరా" అన్నారు నాన్న. నేను మస్కట్‌లో నర్సుని. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని. ఆ శుక్రవారం డ్యూటీ మార్చుకుని బయల్దేరాను.

మస్కట్‌లో నేనుండే అల్ మవాలే నుంచి ఖురియాత్‌కు కారులో గంటన్నర. రానూపోనూ ఇరవై అయిదు రియాళ్ళకు టాక్సీ నడిపే కడప మస్తాన్ భాయ్ ఒప్పుకున్నాడు. ఏడింటికి బయల్దేరి, దారిలో మలయాళీ హోటల్లో పరోటా, గుడ్డుకూర తిన్నాం. ఇద్దరికీ కలిపి రెండు రియాళ్ళు కూడా కాలేదు. ఆ తర్వాత దారంతా బోడి కొండలే.

"ఏమ్మా, అంత పెద్ద సేఠు పడవను మోకులతో లాగిస్తాడంటనే! క్రేన్లకు కరువా ఆయప్పకు?"

"ఇసుకలో క్రేను దిగబడుతుందట, భాయ్."

"అట్లయితే నన్నూ లాగమంటారేమో. నడుము పట్టేసిందని ఇప్పుడే చెప్తాండా!"

ఒడ్డున దావీదు గారు ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి నిలబడి ఉన్నారు. "ఏటమ్మా, నూకరాజు కూతురివా? అచ్చం మీ నాన్న ముక్కే!" అని నవ్వారు. అంతలోనే గొంతు తగ్గించి, నీడలో కుర్చీలో కూర్చున్న ఒమానీ ముసలాయనను చూపించారు. ఆయన సాలిం, ఆ ఓడకు పాత కెప్టెన్. "పదిన్నర దాటితే పోటు తీసేస్తాది. మళ్ళీ అమావాస్య దాకా ఇంత నీరు రాదు. పెద్దాయన గుండె అంతదాకా ఆగదని డాక్టర్లు అన్నారు. సుక్కాని ఇయ్యాలే ఆయన చేతిలో పెట్టాలమ్మా."

ఓడ కింద నూనె రాసిన దుంగలు పరిచారు. ఒమానీలు తమ పాటకు లాగారు, బంగ్లాదేశ్ వాళ్ళు తమ కేకకు, మనవాళ్ళు తమ ఊపుకు. మోకులు బిగిశాయి, వదులయ్యాయి. ఓడ కిర్రుమంది కానీ జానెడు కూడా జరగలేదు. ఒడ్డున తడి ఇసుక అంచు వెడల్పవుతోంది. నీరు వెనక్కి పోతోంది.

దావీదు గారు అందరినీ ఆపి, గొంతెత్తి కేక వేశారు. "ఓ... ఎయ్యరా బలం!" ఎవరూ పలకలేదు. అది గ్యాంగు కేక. దానికి ఒకరు బదులు పలకాలి. బదులు ముగిసిన క్షణంలోనే అందరూ లాగాలి. నాన్న పెరట్లో దుంగలు జరిపేటప్పుడు ఆ బదులు పలికేది నేనే.

"హైసా... హై!" అన్నాను నిలబడ్డ చోటు నుంచే.

తలలన్నీ నా వైపు తిరిగాయి. "అదీ! రా అమ్మా, మోకు పట్టు! ఈ పిల్ల 'హై' అన్నాకే లాగాలిరోయ్!" అని దావీదు గారు అదే మాట హిందీలో, అరబ్బీలో చెప్పారు. ముందున్న ఒమానీ పెద్దమనిషి జరిగి నాకు చోటిచ్చాడు. మొదటి బదులుకు ఓడ వణికింది, రెండో బదులుకు దుంగ దొర్లింది. ఆ తర్వాత అది మమ్మల్నే తరుముతున్నట్టు నీళ్ళలోకి జారింది. వెనక్కి చూస్తే నా వెనక మోకు పట్టింది మస్తాన్ భాయే!

సాలిం గారిని ఎత్తి ఓడలో కూర్చోబెట్టారు. ఆయన చుక్కాని మీద చెయ్యి వేసి సముద్రాన్ని చాలాసేపు చూశారు. ఆపైన గట్టిగా ఏదో అరిచారు. మస్తాన్ భాయ్ నవ్వు ఆపుకోలేక నాకు చెప్పాడు: "'దావూద్, చాయ్ ఏదిరా? ఇన్నేళ్ళయినా ఆలస్యమేనా?' అంటాండాడమ్మా!" అన్ని ఓడల యజమాని తడిసిన ప్యాంటుతోనే వంటగదిలోకి పరుగెత్తారు.

దావీదు గారికి ఎన్ని ఓడలున్నాయని నన్ను చాలామంది అడుగుతున్నారు. అది నేను అడగనే లేదు. మర్నాడు డ్యూటీలో తోటి సిస్టర్లు నా అరచేతుల మీద బొబ్బలు చూసి కంగారుపడితే, చేతులు రెండూ చాచి గర్వంగా చూపించాను. అంతమందిలో నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. మీరూ ఖురియాత్ వెళ్ళాలనుకుంటే పున్నమికో అమావాస్యకో దగ్గరగా, ఉదయం పోటు వేళ చూసుకుని వెళ్ళండి. నీరు ఒడ్డు దాకా వచ్చి పడవలన్నీ కదిలేది అప్పుడే.