కొర్రమట్టల్ని ఉంచుకున్న చెరువు

జగిత్యాల జిల్లా అయిన తర్వాత రెండో ఎండాకాలం అది. మత్స్యశాఖలో ఫీల్డ్ ఆఫీసరుగా నేను పెగడపల్లి వైపు చెరువులు చూసేదాన్ని. చేప పిల్లలు పోయించడం, మత్స్యకారుల సంఘాల్లో తగాదా వస్తే కూర్చోబెట్టి మాట్లాడించడం, వాన తక్కువైన ఏడు అందరి చేతా మాట పడటం నా ఉద్యోగం. ఈ చెరువు ఉన్న ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు.

ఆ చెరువుకు పేరు తెచ్చింది కొర్రమట్ట. వేరే జిల్లాల్లో కొరమీను అంటారు. పాము తలలాంటి తల, నల్లటి వీపు, గాలానికి పడ్డాక కూడా ఒక పట్టాన లొంగని మొండితనం. ఆదివారం వస్తే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గాలాలు వేసేవాళ్లు వచ్చి కట్ట పొడవునా కూర్చునేవారు. సంఘం వాళ్లను ఎప్పుడూ వద్దనలేదు.

మే నెలలో సంఘం అధ్యక్షుడు మల్లేశం ఫోన్ చేశాడు. చెరువు ఎండి, తూము దగ్గర మడుగంత నీళ్లే మిగిలాయట. "మేడం, ఈసారి ఇప్ప చెక్క పోద్దామనుకుంటున్నం. మీరొచ్చి ఎంత పోయాల్నో చెప్పుండ్రి" అన్నాడు.

ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండిని ఇప్ప చెక్క అంటారు, మా పుస్తకాల్లో మహువా ఆయిల్ కేక్. దాన్ని నానబెట్టి నీళ్లలో చల్లితే చేపలు ఊపిరాడక తేలతాయి. కొత్త పిల్లలు పోయకముందు ప్రిడేటర్ ఫిష్‌ను, అంటే పిల్లల్ని మింగే చేపల్ని, తీసేయడానికి వాడతారు. కొన్ని వారాలకు విషం విరిగి ఎరువవుతుంది. కొర్రమట్ట బురదలోకి దూరుతుంది కాబట్టి వలకు అన్నీ దొరకవు. అందుకే మల్లేశం ఈ దారి ఎంచుకున్నాడు. అతను అడిగింది తప్పేం కాదు. మా ఆఫీసులో పెద్దసారు కూడా "పద్ధతి ప్రకారమే ఉంది కదా, కానివ్వండి" అన్నారు.

ఈ కబురు గాలాల వాళ్లకు ఎలా చేరిందో తెలియదు. సోమవారం పొద్దున వాళ్లలో ఒకతను జగిత్యాలలో మా ఆఫీసుకు వచ్చాడు. పేరు సదానందం. సిరిసిల్లలో సాంచాలు, అంటే పవర్‌లూమ్ మగ్గాలు, నడుపుతాడు. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి చెవులు మందగించాయి. మామూలుగా మాట్లాడుతున్నాననుకుని గట్టిగా మాట్లాడతాడు. పక్క గదిలోవాళ్లు గొడవేమో అనుకుని తొంగిచూశారు.

"మేడం, వారమంత సాంచాల మోతల ఉంట. సెలవునాడు బోయినపల్లి మీదికెళ్లి బండి మీద అస్త. ఆ నీళ్ల పక్కన కూసుంటెనే నా తల చల్లబడ్తది. మట్టలను సంపకుండ్రి."

"ఆ చెరువు మీద బతికేది సంఘం వాళ్లు. వాళ్లతో మాట్లాడావా?"

"నా మాట ఎవలింటరు? అందుకే మీ దగ్గరికచ్చిన."

"బుధవారం మీటింగుంది. రా. వాళ్ల ముందరే చెప్పు" అన్నాను. ఏమీ హామీ ఇవ్వలేదు.

మీటింగు తూము దగ్గర రేకుల షెడ్డులో జరిగింది. మల్లేశం ముందు మాట్లాడాడు. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. "పోయిన వానకాలం ఫింగర్లింగ్స్ పోసినం. నెల తిరిగినంక ఒక మట్ట కడుపు కోస్తే మనం పోసిన పిల్లలే ఉన్నయి. పోరగాళ్లు చెరువును నమ్ముకునుడు బంద్ చేసి కరీంనగర్ల కూలికి పోతున్నరు. నేనేం జేయాలె?"

ఫింగర్లింగ్స్ అంటే వేలెడు పొడవున్న చేప పిల్లలు. మేం ఇచ్చేది బొచ్చె, రోహు. అవి ఎదిగితేనే సంఘానికి ఏడాది తిండి.

సదానందం లేచి తన మాట చెప్పాడు. అంతా విని మల్లేశం అన్నాడు: "అన్నా, నీకది సరదా. మాకు కూడు."

సదానందం తలొంచుకుని కూర్చున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు వెనక నుంచి పోశవ్వ మాట్లాడింది. భర్త పోయాక అతని స్థానంలో ఆమెకు సభ్యత్వం వచ్చింది. జగిత్యాల మార్కెట్లో టబ్బులో నీళ్లు పోసి బతికున్న కొర్రమట్టలు అమ్ముతుంది.

"మల్లేశం, బొచ్చెలు యాడాదికోపారి వలేస్తె వచ్చే పంట. మిగిలిన రోజులు నా పొయ్యి మట్టలతోనే ఎలుగుతది. అన్ని సంపినంక నేనేం అమ్మాలె? మల్ల ఎప్పుడస్తయి అవి?" తర్వాత నా వైపు తిరిగింది. "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. నువ్వే చెప్పు."

మళ్లీ ఎప్పుడొస్తాయో నాకూ తెలియదు. కొర్రమట్ట పిల్లల్ని కావలసినన్ని తెప్పించి పోయగల రోజులు కావవి. "నాకు ఆదివారం దాకా టైమివ్వండి. అప్పటిదాకా చెక్క నానబెట్టకండి" అన్నాను. మల్లేశం సరేనన్నాడు.

ఆదివారం గాలాల వాళ్లను పట్టమన్నాను. పడిన వాటిని కట్ట మీదే అందరి ముందూ కోశాను. చేప కడుపులో ఏముందో చూడటాన్ని మేం గట్ కంటెంట్ అనాలిసిస్ అంటాం. కాలేజీలో చేసిన తర్వాత మళ్లీ చేసింది ఆ రోజే. చిన్న మట్టల్లో రొయ్యలు, పురుగులు, ఒక కప్ప పిల్ల. మోచేతి పొడవున్న వాటిలో మాత్రం అరచేతంత చేపలు. మల్లేశం నా పక్కనే కూర్చుని ప్రతి కడుపూ చూశాడు.

"నువ్వు చెప్పింది నిజమే మల్లేశం. ఇవి మింగుతాయి. కానీ నోరు పట్టినంతే మింగుతాయి" అన్నాను. నాకు తోచింది చెప్పాను. పెద్ద మట్టల్ని మాత్రం తీసేయాలి. వచ్చే ఫింగర్లింగ్స్‌ను నేరుగా చెరువులో వదలకుండా హాపాలో, అంటే నీళ్లలోనే నాలుగు కర్రలకు కట్టిన సన్నకన్ను వలలో, జానెడు అయ్యేదాకా పెంచాలి. అప్పుడు చిన్న మట్టలు వాటిని ఏం చేయలేవు.

"వలకు పడనియి తీసుడెట్ల?" అన్నాడు మల్లేశం.

అందరం గాలాల వాళ్ల వైపు చూశాం.

సదానందానికి మొదట వినపడలేదు. పక్కనున్నతను చెవి దగ్గర చెప్పాడు. అతని మొహం మారింది. చెరువులోని పెద్ద మట్టలంటే అతనికి ప్రాణం. వాటిని పట్టడం కోసమే అంత దూరం నుంచి వస్తాడు, పట్టి చాలాసార్లు మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. "పెద్దయన్ని నేనే తియ్యాల్నా?" అన్నాడు.

"చెక్క పోస్తే చిన్నవి కూడా ఉండవు" అన్నాను.

"సరే. తీస్త." ఆ రెండు మాటలూ ఎంత మెల్లగా అన్నాడంటే, అతను అలా మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది.

వానలు పడేదాకా ప్రతి సెలవునాడూ వాళ్లు వచ్చారు. ఒకరోజు నేను వెళ్లేసరికి సదానందం పెద్ద మట్టను ఒకదాన్ని పట్టి, తడి గోనెలో పెట్టుకుని చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాడు. తర్వాత తనే మోసుకెళ్లి పోశవ్వ టబ్బులో వేశాడు. ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దిలోంచి ఒక జొన్న రొట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

మల్లేశానికి మాత్రం నమ్మకం కుదరలేదు. అయినా హాపాలు కట్టించాడు, కాపలా వంతులు వేశాడు. తేడా వస్తే మొదట నన్నే అంటారని నాకు తెలుసు. పెద్దసారు ఆ మాట ముందే చెప్పారు. ఆగస్టులో పిల్లలొచ్చాయి. ఒక పెద్దవానకు అలుగు పారి హాపా ఒకటి కొట్టుకుపోయింది. ఆ పొద్దున మల్లేశం ఫోన్ చేసి, "ఒకటి పోయింది మేడం. మిగిలినయి ఉన్నయి" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

తర్వాతి ఎండాకాలం వల వేశారు. బొచ్చెలు అంతకు ముందటేడు కంటే బాగా వచ్చాయి. మల్లేశం ఆశపడినన్ని రాలేదు. కట్ట మీద చేపల కుప్పలు చూస్తూ నాతో అన్నాడు: "మీరు చెప్పింది అబద్ధం గాదు మేడం. కని చెక్క పోస్తె ఇంకిన్ని అచ్చునని నాకనిపిస్తది."

"రావచ్చు. కాదనను" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఆ వారమే సంఘం మళ్లీ కూర్చుంది. ఇప్ప చెక్క మాట మళ్లీ వచ్చింది. మల్లేశం పోయాలనే చెయ్యెత్తాడు. ఎక్కువ చేతులు వద్దనే వైపు లేచాయి. అతను లెక్కపెట్టి, తన చెయ్యి దించి, "అయితే హాపాలకు వలలు కొత్తయి గావాలె. ఎవలు తెస్తరు?" అని అడిగాడు. ఓడిపోయిన మాట మీద ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. అధ్యక్షుడంటే ఎలా ఉండాలో నేను అక్కడ చూశాను.

తర్వాత నాకు వేరే జిల్లాకు బదిలీ అయింది. ఎన్నో చెరువుల్లో నా చేత్తోనే ఇప్ప చెక్క పోయించాను. కొన్నిచోట్ల అదే సరైన పని. కానీ ఏదైనా చేపను తీసేయాలని ఎవరైనా అడిగితే, అది ఏం తింటుందని ఒక్కటే అడిగి ఊరుకోను. దాన్ని ఎవరు అమ్ముతారు, ఎవరు పడతారు, దాని పక్కన ఎవరు కూర్చుంటారు అని కూడా అడుగుతాను. ఈ ఏడు తీయనిదాన్ని వచ్చే ఏడు తీయవచ్చు. తీసినదాన్ని తిరిగి తేగలనని మాత్రం ఏ ఊళ్లోనూ మాట ఇవ్వలేను.